చిల్లర సీసాలో ఎంతుంది? లెక్కపెట్టకుండా చెప్పే కిటుకు

మా వంటింట్లో ఫ్రిజ్ పక్కన రెండు గాజు సీసాలు ఉండేవి. ఒకప్పుడు పచ్చడి సీసాలు. రెండూ ఒకే కొలత, ఒక్కోదానిలో 700 మిల్లీలీటర్లు పడుతుంది. ఒకటి ఆరో క్లాసు చదివే మా అమ్మాయిది, రెండోది రెండో క్లాసు చదివే మా అబ్బాయిది. బజారుకు వెళ్ళొచ్చాక పర్సులో మిగిలిన చిల్లర అందులో పడేది. 50 సెంట్లు, డాలరు, 2 డాలర్ల నాణేలు నేను తీసుకుంటాను. 5, 10, 20 సెంట్ల నాణేలు వాళ్ళవి. ఇప్పుడు అందరం కార్డు ట్యాప్ చేసేవాళ్ళమే కదా, సీసాలు నిండడానికి మూడేళ్ళు పైనే పట్టింది.

అవి నిండే సమయానికి మా నాన్న తెనాలి నుంచి మెల్‌బోర్న్ వచ్చి ఉన్నారు. మోకాలి ఆపరేషన్ వల్ల అమ్మ రాలేకపోయింది. ఈ డబ్బుతో అమ్మమ్మకు ఏదైనా కొని తాతయ్యతో పంపుదామని పిల్లలు అనుకున్నారు. అంతవరకూ బాగానే ఉంది. గిఫ్టు మీద ఎవరి పేరు ముందు రాయాలన్న దగ్గర గొడవ మొదలైంది.

"నావి పెద్ద నాణేలు. అన్నీ దాదాపు 20 సెంట్లే. నా డబ్బే ఎక్కువ" అని అమ్మాయి.

"నా సీసాలో నీకంటే డబుల్ నాణేలున్నాయి. నాదే ఎక్కువ" అని అబ్బాయి. వాడి సీసాలో ఒక్క 20 సెంట్ల నాణెం కూడా లేదు, అన్నీ 5, 10 సెంట్లే.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి మీరూ ఆలోచించండి. ఒకే కొలత సీసాలు, రెండూ మూతి దాకా నిండినవే. ఒకదానిలో పెద్ద నాణేలు తక్కువ సంఖ్యలో, ఇంకోదానిలో చిన్న నాణేలు ఎక్కువ సంఖ్యలో ఉన్నాయి. దేని విలువ ఎక్కువ?

తాతయ్య తక్కెడ

నాన్న తెనాలిలో ముప్పై ఏళ్ళు కిరాణా కొట్టు నడిపారు. ఇక్కడికి వచ్చి మూడు వారాలైనా పిల్లలతో మాటలు పెద్దగా సాగలేదు. వాళ్ళ తెలుగు "తిన్నారా తాతయ్యా" దగ్గర ఆగిపోతుంది, ఆయన ఇంగ్లీషు అంతకంటే ముందే ఆగిపోతుంది. ఆ రోజు మాత్రం గొడవ విని సోఫాలోంచి లేచి వచ్చారు.

"లెక్కపెట్టడం ఎందుకురా? తూచేస్తే పోలా!" అన్నారు.

కొట్లో ఆయన పద్ధతి అదే. ఒకే రకం బిళ్ళలు వంద లెక్కపెట్టి తక్కెడలో ఒక పక్క వేస్తే, రెండో పక్క సరితూగినన్ని మళ్ళీ వంద. అయితే రకాలు కలిసిపోతే ముందు విడదీయాలని కూడా ఆయనే చెప్పారు. వంటింటి డిజిటల్ తూకం బయటికి తీశాం. ఒక్కో రకం పదేసి నాణేలు తూచి అమ్మాయి కాగితం మీద రాసింది. పది 5 సెంట్ల నాణేలు 28 గ్రాములు. పది 10 సెంట్లవి 56, 57 మధ్య. పది 20 సెంట్లవి 113.

రాసుకున్న అంకెల వైపు కాసేపు చూసి, "తాతయ్యా, ఇది దానికి డబుల్, అది దీనికి డబుల్!" అంది.

అసలు కిటుకంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. ఆస్ట్రేలియా నాణేలు ముద్రించే రాయల్ ఆస్ట్రేలియన్ మింట్ లెక్క ప్రకారం బరువులు ఇవి:

5 సెంట్లు: 2.83 గ్రాములు
10 సెంట్లు: 5.65 గ్రాములు
20 సెంట్లు: 11.3 గ్రాములు

విలువ రెట్టింపైతే బరువూ రెట్టింపే. అంటే ఒక డాలరు విలువ చేసే 5 సెంట్ల నాణేలు ఇరవై తూచినా, 10 సెంట్లవి పది తూచినా, 20 సెంట్లవి ఐదు తూచినా ఒకటే బరువు, సుమారు 56.5 గ్రాములు. అన్నీ కలిపి కుప్ప పోసినా ఫరవాలేదు, విడదీయక్కర్లేదు. కుప్ప బరువును 56.5తో భాగిస్తే డాలర్లు వచ్చేస్తాయి. కిలో అయితే 17 డాలర్ల 70 సెంట్లు.

ఖాళీ సీసా బరువు తీసేసి చూస్తే అబ్బాయి చిల్లర 3,392 గ్రాములు వచ్చింది, అంటే 60 డాలర్లు. అమ్మాయిది 3,503 గ్రాములు, అంటే 62 డాలర్లు. వాడి నాణేలు 806, దానివి 360. సంఖ్యలో రెండింతలకు పైగా తేడా ఉన్నా, విలువలో తేడా రెండే డాలర్లు. నమ్మకం కుదరక ఇద్దరూ నేల మీద కూర్చుని అన్నీ చేత్తో లెక్కపెట్టారు. తూకం చెప్పిందే నిజమైంది, ఒక్క నాణెం విషయంలో తప్ప. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఈ పొందిక ఎక్కడి నుంచి వచ్చింది?

ఇది ఎవరో సరదాకి పెట్టిన ఏర్పాటు కాదు. వెండి నాణేల రోజుల నుంచి వచ్చిన వారసత్వం. నాణెంలో ఎంత వెండి ఉంటే దాని విలువ అంత అనుకునే కాలంలో, రెట్టింపు విలువ నాణేనికి రెట్టింపు వెండి పెట్టక తప్పదు. 1816లో బ్రిటన్ తన వెండి నాణేలను కొత్తగా ముద్రించినప్పుడు ఒక ట్రాయ్ పౌండు వెండికి 66 షిల్లింగులు అని నిర్ణయించింది. ఆ లెక్కన ఒక షిల్లింగు సుమారు 5.65 గ్రాములు. అందులో సగం సిక్స్‌పెన్స్, రెండింతలు ఫ్లోరిన్. ఆస్ట్రేలియా 1910లో సొంత వెండి నాణేలు మొదలుపెట్టినప్పుడు అవే బరువులు తీసుకుంది.

1966 ఫిబ్రవరి 14న ఈ దేశం పౌండ్లు, షిల్లింగులు వదిలి డాలర్లు, సెంట్లకు మారింది. పది షిల్లింగులు ఒక డాలరు అయ్యాయి. కాబట్టి సిక్స్‌పెన్స్ 5 సెంట్లకు, షిల్లింగు 10 సెంట్లకు, ఫ్లోరిన్ 20 సెంట్లకు సమానం. పాత నాణేలు, కొత్త నాణేలు కొంతకాలం కలిసి చలామణి కావాలి కనుక బరువులు అలాగే ఉంచారు. లోహం మాత్రం మారింది. ఇప్పుడవి 75 పాళ్ళు రాగి, 25 పాళ్ళు నికెల్. వెండి పోయింది, వెండి నాటి తూకం మిగిలింది.

ఇదంతా నాన్నకు వివరిస్తుంటే ఆయన పెద్దగా ఆశ్చర్యపోలేదు. "దీన్లో వింతేముందే అమ్మాయ్? మా నాన్న కాలంలో వెండి రూపాయి తులం ఎత్తు. అర్ధరూపాయి అర తులం, పావలా పావు తులం. కంసాలి దగ్గర తూకం రాయి లేకపోతే రూపాయి బిళ్ళ వేసి తూచేవాడు" అన్నారు.

అదీ నిజమే. 1835 నుంచి బ్రిటిష్ ఇండియాలో వెండి రూపాయి బరువు 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు. సరిగ్గా ఒక తులం. అర్ధరూపాయి 5.83 గ్రాములు, పావలా 2.92, వెండి బేడ 1.46. ఆ రోజుల్లో తెనాలి కొట్టు గల్లా పెట్టెలోని వెండి చిల్లరను విడదీయకుండా తూచినా ఇదే లెక్క పనిచేసేది. పిల్లలకు తులం అంటే బంగారం షాపు మాట అని తెలుసు గానీ, అది ఒకప్పుడు జేబులో గలగలలాడే నాణెం బరువని ఆ రోజే తెలిసింది. నిజం చెప్పాలంటే నాకూ అంతే.

నీళ్ళతో కొలిస్తే?

మూడు రకాలూ ఒకే లోహం కాబట్టి బరువుకు పట్టిన లెక్క ఘనపరిమాణానికీ పడుతుంది. ఈ రాగి-నికెల్ మిశ్రమం నీళ్ళకంటే సుమారు 8.9 రెట్లు బరువు. 56.5ను 8.9తో భాగిస్తే దాదాపు 6.3. అంటే ఒక డాలరు చిల్లర, ఏ నాణేలైనా సరే, 6.3 మిల్లీలీటర్ల చోటు ఆక్రమిస్తుంది. ఒక టీస్పూన్ కంటే కాస్త ఎక్కువ.

ఆర్కిమిడీస్ పద్ధతిలో ఇదీ చేసి చూశాం. వంటింటి కొలత జగ్గులో 300 మిల్లీలీటర్ల నీళ్ళు పోసి, 20 డాలర్ల చిల్లర మెల్లగా జారవిడిచాం. నీటిమట్టం 425, 430 గీతల మధ్యకు వచ్చింది. లెక్క ప్రకారం 427 దగ్గర ఉండాలి. మీరు చేసేటప్పుడు ప్లాస్టిక్ జగ్గు వాడండి. నాణేలను అంటుకున్న గాలి బుడగలు పోయేలా ఒకసారి కదపండి. తర్వాత పొడి గుడ్డతో తుడవండి.

రెండు పద్ధతుల్లో ఏది నమ్మకమైనది? పిల్లలకు ఇదొక మంచి ప్రశ్న. తూకంలో ఒక్క గ్రాము తేడా వస్తే రెండు సెంట్ల లోపే తప్పు. జగ్గులో పది మిల్లీలీటర్ల గీత ఒకటి తప్పు చదివితే డాలరున్నర పైగా తేడా వస్తుంది. తూకమే మేలు.

ఇంకొక ఆట కూడా ఆడాం. అబ్బాయి సీసా మూతి దాకా నాణేలతో నిండి ఉంది కదా, ఇంకా ఎన్ని నీళ్ళు పడతాయి? "ఒక్క గ్లాసు కూడా పట్టదు" అన్నాడు వాడు. పోస్తూ పోయాం. సుమారు 320 మిల్లీలీటర్లు పట్టాయి! నిండు సీసా అనుకున్నదానిలో దాదాపు సగం గాలే. నాణేలు అడ్డదిడ్డంగా పడతాయి, వాటి మధ్య సందులు మిగులుతాయి. మా సీసాలో లోహం 55 శాతం దాకా ఉంది. మీ సీసా ఆకారాన్ని బట్టి, నాణేలు పోసిన తీరును బట్టి ఇది కొంత మారుతుంది.

స్కూల్ ఫేట్లలో "సీసాలో ఎన్ని నాణేలు?" అనే పోటీ పెడితే ఈ లెక్క పనికొస్తుంది. సీసా కొలతలో సగానికి కాస్త పైన లోహం అనుకోండి. 5 సెంట్ల నాణెం ఒకటి 0.32 మిల్లీలీటర్లు, 10 సెంట్లది 0.63, 20 సెంట్లది 1.27. లోహం కొలతను వీటితో భాగించడమే. లీటరు సీసా నిండా ఈ మూడు రకాల చిల్లర ఉంటే, ఏది ఎన్ని ఉన్నా విలువ 85 డాలర్ల చుట్టుపక్కల ఉంటుంది.

ఈ సందుల సంగతి నాన్నకు కొత్త కాదు. ఒకప్పుడు మన ఊళ్ళలో గింజలు తూచేవారు కాదు, కొలిచేవారు. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. పైన అడ్డ, కుంచం, తూము, పుట్టి. వదులుగా పోస్తే తక్కువ గింజలు పడతాయి, తట్టి పోస్తే ఎక్కువ పడతాయి. "కొలతలో పోసేవాడి చెయ్యి ఉంటుంది, తూకంలో ఉండదు" అని పిల్లలకు చెప్పి, కాసేపాగి నవ్వుతూ "తూకంలోనూ ఉంటుందిలే, కానీ నేనలా చెయ్యలేదు" అన్నారు. తట్టడం అంటే ఏమిటో చూపించడానికి అమ్మాయి సీసా తీసుకుని బల్ల మీద నాలుగుసార్లు తట్టారు. మూతి దాకా ఉన్న నాణేలు ఒక వేలు మందం కిందికి దిగాయి.

లెక్క ఎక్కడ తప్పుతుంది?

మొదటిది 50 సెంట్ల నాణెం. లోహం అదే, కానీ బరువు 15.55 గ్రాములే. మన లెక్క ప్రకారమైతే 28 గ్రాముల పైన ఉండాలి. 1966లో వచ్చిన మొదటి 50 సెంట్ల నాణెం గుండ్రంగా ఉండేది, అందులో 80 శాతం వెండి. వెండి ధర పెరిగి నాణెం విలువ కంటే లోహం విలువే ఎక్కువ కావడంతో దాన్ని ఆపేశారు. 1969లో ఇప్పటి పన్నెండు పలకల నాణెం వచ్చింది. చిల్లర కుప్పలో 50 సెంట్ల నాణెం ఒకటి దాక్కుంటే తూకం దాన్ని 27 సెంట్లుగానే చూస్తుంది. ఎప్పుడైనా గుండ్రటి 1966 నాటి 50 సెంట్ల నాణెం దొరికితే ఖర్చు పెట్టకండి, అందులో పది గ్రాముల పైన వెండి ఉంది.

రెండోది బంగారు రంగు నాణేలు. 1984లో వచ్చిన డాలరు 9 గ్రాములు, 1988లో వచ్చిన 2 డాలర్లు 6.6 గ్రాములు. ఎక్కువ విలువ నాణెమే తేలిక! ఇవి రాగి, అల్యూమినియం, నికెల్ కలిపినవి. అప్పటికి నాణెం విలువకు, లోహానికి సంబంధం పోయింది. కిలో 2 డాలర్ల నాణేలు 300 డాలర్లు దాటతాయి.

మూడోది, ఇందాక చెబుతానన్న ఆ ఒక్క నాణెం. అమ్మాయి సీసాలో కివీ పక్షి బొమ్మ ఉన్న 20 సెంట్ల నాణెం ఒకటి బయటపడింది. అది న్యూజీలాండ్‌ది. 2006 దాకా వాళ్ళ 5, 10, 20 సెంట్ల నాణేలు కూడా ఇదే కొలత, ఇదే బరువు, ఎందుకంటే అవీ ఆ షిల్లింగుల సంతతే. ఆ ఏడాది వాళ్ళు చిన్న నాణేలకు మారి పాతవి రద్దు చేశారు. తూకానికి దేశం తెలియదు కదా! అమ్మాయి లెక్క 61 డాలర్ల 80 సెంట్లకు దిగింది. అబ్బాయి ఆనందం చూడాలి.

సీసా విప్పాక ఏం చేయాలి?

ఇక్కడి చట్టం ప్రకారం 5, 10, 20, 50 సెంట్ల నాణేలు ఎన్ని కలిపినా ఒక చెల్లింపులో 5 డాలర్ల వరకే చట్టబద్ధం. డాలరు నాణేలైతే 10 డాలర్ల వరకు, 2 డాలర్ల నాణేలైతే 20 వరకు. అంతకు మించితే తీసుకోవడం, మానడం షాపువాళ్ళ ఇష్టం. కాబట్టి సీసా పట్టుకుని షాపుకు వెళ్ళొద్దు. బ్యాంకుకు వెళ్ళే ముందు ఫోన్ చేసి, నాణేలు తీసుకుంటారా, విడదీసి సంచుల్లో పెట్టాలా, రుసుము ఏమైనా ఉందా అని కనుక్కోండి. ఇంట్లో తూచిన లెక్క రాసుకుని వెళ్తే వాళ్ళు చెప్పే మొత్తంతో సరిచూసుకోవచ్చు. పాత నాణేలను చింతపండుతో తోమొద్దు. గీతలు పడితే సేకరించేవాళ్ళ దగ్గర విలువ పోతుంది.

మీ పిల్లలకు మూడు లెక్కలు

1. 5, 10, 20 సెంట్ల చిల్లర కలిపి 1,695 గ్రాములు ఉంది. ఎంత డబ్బు?

2. ఒక పళ్ళెంలో ఐదు 20 సెంట్ల నాణేలున్నాయి. రెండో పళ్ళెంలో 2 డాలర్ల నాణేలు వేస్తూ పోతే, దాదాపు సరితూగేసరికి అందులో ఎంత డబ్బు ఉంటుంది?

3. కుప్ప బరువు 1,130 గ్రాములు. కిటుకు ప్రకారం 20 డాలర్లు ఉండాలి. చేత్తో లెక్కపెడితే 24 డాలర్ల 50 సెంట్లు వచ్చాయి. 50 సెంట్ల నాణేలు ఎన్ని దాక్కున్నాయి?

జవాబులు: మొదటిది 30 డాలర్లు. రెండోది, ఎనిమిదిన్నర నాణేల బరువు కాబట్టి 17 డాలర్ల దగ్గర. మూడోది 20 నాణేలు. వాటి బరువు 311 గ్రాములు, విలువ 10 డాలర్లు. మిగిలిన 819 గ్రాములు 14 డాలర్ల 50 సెంట్లు.

మా ఇంటి గొడవ ఎలా తీరిందంటారా? రెండు సీసాలూ కలిపి 121 డాలర్ల 80 సెంట్లు. దానితో అమ్మకు ఒక ఊలు శాలువా కొన్నారు. కార్డు మీద ఎవరి పేరు ముందు ఉండాలో తాతయ్యనే అడిగారు. ఆయన ముందు అబ్బాయి పేరు రాయించి, వెనక్కి తిప్పి అమ్మాయి పేరు ముందు రాయించారు. తెనాలి వెళ్ళాక ఇప్పుడు ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో పిల్లలకు ఒక తూకం లెక్క ఇస్తున్నారు. పోయిన వారం లెక్క వీశెల్లో ఇచ్చారు. వీశె అంటే ఎంతో అడగడానికి పిల్లలే ఆయనకు తిరిగి ఫోన్ చేశారు.